బొమ్మల సినిమాలో నాయన పట్టిన దొంగ

ఈ రోజు ఊరి నుంచి అనంతపురం వచ్చిన నాయనకు థియేటర్లో జపాన్ వాళ్ల బాస్కెట్‌బాల్ బొమ్మల సినిమా చూపిస్తున్నాను. కాలేజీ జట్టులో నేనాడే ఆట ఆయనకూ తెలియాలని. నాయన గొర్రెల కాపరి, మందలో ప్రతి గొర్రె మొహమూ గుర్తే. ఆట మధ్యలో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒకడు మారినాడు చూడు. అందరూ బంతిని చూస్తాంటే వాన్ని తీసి ఇంకొకన్ని తోలినారు. ఇది దొంగతనమే!"

"కాదు నాయనా, ఆటలో అట్ల మార్చచ్చు. తీసేసినోళ్లు ఆ బల్ల మీద కూర్చోని, మళ్లా ఎప్పుడు పిలుస్తారా అని కోచ్ సారు మొహమే చూస్తాంటారు."

నాయన తెర వదిలి నన్ను చూశాడు. "నీకెట్ల తెలుసు పాపా?"

ప్రతి మ్యాచ్ ఆడుతున్నానని రెండేళ్లుగా ఇంట్లో చెబుతున్నాను, కూర్చునేది మాత్రం ఆ బల్ల మీదే. పాప్‌కార్న్ తెస్తానని బయటికొచ్చి ఇది రాస్తున్నాను. లోపలికెళ్లి ఏం చెప్పమంటారు?