‘డ్యూటీ’ ముందర నేను పెట్టిన మాట

1974లో, గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తర్వాత, కోలారు బంగారు గనుల్లో ఒక షాఫ్టు పక్కనున్న వెల్ఫేర్ ఆఫీసులో నేను టైపిస్టుగా చేరాను. షాఫ్టు అంటే గనిలోకి దిగే నిలువు బావి. మా నాన్న అందులోనే దిగేవాడు. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు వ్యాకరణానికి రెండుసార్లు బహుమతి తీసుకున్నదాన్ని కాబట్టి టైపుతో పాటు మరో పని కూడా నాకు అప్పగించారు. లోపల దెబ్బ తగిలిన కార్మికులు తెలుగులోనో తమిళంలోనో జరిగింది చెబితే, దాన్ని ఇంగ్లీషులో స్టేట్‌మెంటుగా కొట్టి, వాళ్లకు చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. ఆ కాగితాన్ని బట్టే పై ఆఫీసువాళ్లు నిర్ణయం చేస్తారు. ఆ పని నాకు చాలా గర్వంగా ఉండేది.

గంగప్ప టింబర్‌మాన్. గని పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాళ్లను అలా అంటారు. బూదికోట దగ్గర పల్లె నుంచి వచ్చి పన్నెండేళ్లు లోపల పనిచేశాడు. ఆస్పత్రి నుంచి కర్ర ఊతంతో నా దగ్గరికి వచ్చేసరికి అతని కుడి పాదం సగమే మిగిలింది. బెంచీ మీద కూర్చుని నిదానంగా చెప్పాడు.

“డ్యూటీ దిగి కేజీ కోసరం నిలబడుకోని ఉంటిమమ్మా. ఎయిర్ బ్లాస్ట్ అయింది. పైనుంచి రాయి వచ్చి కాలి మింద పడింది.”

కేజీ అంటే మనుషుల్ని పైకి లాగే ఇనుప బోను. ఎయిర్ బ్లాస్ట్ అంటే ఒత్తిడికి లోపలి రాయి ఒక్కసారిగా పగలడం. అలా పగిలినప్పుడు పైన మా ఇళ్లలో గిన్నెలు కూడా కదిలేవి. నేను అతని మాటల్ని ఇంగ్లీషులో చక్కగా, పొట్టిగా కొట్టాను. డ్యూటీ దిగాడు కాబట్టి ‘ఆఫ్ డ్యూటీ’ అని రాశాను. ఆ తర్వాత తెలుగులో చదివి వినిపించాను. “డ్యూటీ దిగి నిలబడి ఉన్నాను” అని అతని మాటే అతనికి చెప్పాను. అవునన్నాడు. వేలిముద్ర వేశాడు.

రెండు నెలలకు అతని భార్య మునెమ్మ ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. అందులో ఉన్నది నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. దెబ్బ డ్యూటీలో లేనప్పుడు తగిలింది కాబట్టి పైన తేలిక పని ఇవ్వడం కుదరదు. లోపలి పనికి మనిషి పనికిరాడు కాబట్టి ఉద్యోగం రద్దు. గనివాళ్లు ఇచ్చిన లైను ఇల్లు ఖాళీ చేయాలి.

మునెమ్మ కేకలేయలేదు. ఉత్తరం మడుస్తూ అడిగింది.

“డ్యూటీలో లేడంటనా? మరి అంత లోతులో మా ఆయనకు ఏమి పని ఉండాదమ్మా? ఆడ మాకు చుట్టాలెవరూ లేరే.”

ఆమె వెళ్లాక నా కార్బన్ కాపీ తీసి చూశాను. ‘డ్యూటీ’ అనే మాట ముందు ఇంగ్లీషులో ‘ఆన్’ పెడితే మనిషి పనిలో ఉన్నట్టు. ‘ఆఫ్’ పెడితే పనిలో లేనట్టు, ఇంట్లోనో సంతలోనో ఉన్నట్టు. ‘కమింగ్ ఆఫ్ డ్యూటీ’ అని ఉంటే పని ముగించుకుని బయటికి వస్తున్నట్టు, ఇంకా పూర్తిగా రానట్టు. గంగప్ప చెప్పింది ఆ మూడోది. గనిలో వాళ్లకు డ్యూటీ దిగడమంటే చేతిలో పనిముట్టు కింద పెట్టడం. నేను దాన్ని బస్సు దిగడంలాగా అర్థం చేసుకున్నాను.

లాంప్ రూముకి పరుగెత్తాను. లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకునే చోటది. అక్కడి ముసలి లాంప్‌మాన్‌ని అడిగితే, ఆ రోజు రిజిస్టరు తీసి గంగప్ప పేరు మీద వేలు పెట్టాడు.

“చూడమ్మా, దీపం తిరిగి ఇచ్చిన గుర్తు లేదు. స్ట్రెచర్ మింద తెచ్చినారు గదా, ఇంగ ఎవురిస్తారు? దీపం ఈడికి చేరేదాకా మనిషి డ్యూటీలో ఉన్నట్టే లెక్క. ఇది అందరికీ తెలిసిందే.”

అందరికీ తెలుసు. నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఇంట్లో లెక్కలు వేసుకున్నాను. అప్పటికి నా ప్రొబేషన్ పూర్తి కాలేదు. నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీద ఉన్నాడు. మా ఇల్లు నా మీదే నడుస్తోంది. ఎవరూ అడగనిదే నేనెందుకు చెప్పాలి, యూనియన్ వాళ్లు చూసుకుంటారులే అని కూడా అనుకున్నాను. నాన్నతో చెబితే అంతా విని, “వాడు కేజీ దగ్గర నిలబడినాడు. నేనూ నిలబడినాను ముప్పై ఏండ్లు” అన్నాడు.

మర్నాడు వెల్ఫేర్ ఆఫీసరు గారి ముందు ఆ కార్బన్ కాపీ పెట్టి, జరిగింది చెప్పాను. నెల్లూరు వైపు మనిషి, కోపిష్టి కాదు. రెండుసార్లు చదివారు.

“వేలిముద్ర అతనిదే కదమ్మా. చదివి వినిపించావు కూడా.”

“తెలుగులో సరిగ్గానే వినిపించాను సార్. ఇంగ్లీషులోనే తప్పు రాశాను.”

“అది నీ చేత్తో రాసిస్తే నీ సర్వీసు ఫైల్లో చేరుతుంది. ఎప్పటికీ ఉంటుంది.”

“రాసిస్తాను సార్.”

తప్పు నాదని నా చేత్తో రాసిచ్చాను. లాంప్ రూము రిజిస్టరు నకలూ, గంగప్ప దగ్గర మళ్లీ తీసుకున్న స్టేట్‌మెంటూ జత చేసి పైకి పంపారు. ఆ రెండో స్టేట్‌మెంటు కోసం నేనే వాళ్ల లైను ఇంటికి వెళ్లాను. తప్పు నాదేనని గంగప్పకు చెప్పాను.

“ఆ ఉత్తరం వచ్చిన కాడ్నుంచి నిద్ర లేదమ్మా మాకు” అన్నాడు. తర్వాత భార్యతో, “కుర్చీ యెయ్యి, మళ్లా మొదట్నుంచి రాసుకుంటాది” అన్నాడు.

నాలుగు నెలలు పట్టింది. గంగప్పకు పైన టింబర్ యార్డులో దుంగలకు నంబర్లు వేసే పని ఇచ్చారు. ఇల్లు నిలిచింది. నాకు హెచ్చరిక మెమో వచ్చింది, ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. అది న్యాయమే అనుకున్నాను. గంగప్ప తర్వాత కూడా నాతో మాట్లాడేవాడు గానీ, ఏ కాగితం ఇచ్చినా ఒకటికి రెండుసార్లు అర్థం అడిగేవాడు. ఆ అనుమానం పూర్తిగా పోలేదు. పోవాలని నేను ఆశించలేదు కూడా.

ఇంగ్లీషులో ఒక చిన్న మాట తప్పితే వాక్యం చెడుతుందని బళ్లో నేర్చుకున్నాను. ఆ చిన్న మాట సరిగ్గా పెట్టాలంటే వ్యాకరణం ఒక్కటే చాలదని గంగప్ప వల్ల తెలిసింది. అప్పటి నుంచి స్టేట్‌మెంటు కొట్టే ముందు అడుగుతూనే ఉండేదాన్ని: యాడ నిలబడినావు, చేతిలో ఏముంది, పక్కన ఎవరున్నారు, పైకి రావడానికి ఇంకా ఎంత దూరం. కొందరికి విసుగొచ్చేది. “ఇన్ని ఏమిటికమ్మా, తొందరగా రాసేయరాదా?” అనేవాళ్లు.

“నేనెప్పుడూ లోపలికి దిగి చూడలేదప్పా, చెప్పు” అనేదాన్ని.