లోపలి గొళ్లెం

మా అత్తగారి అత్తగారికి అప్పటికి డెబ్బై ఆరేళ్లు. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు, మిరపకాయలు ఎండబోసిన కల్లానికి ఒక్కతే నడిచివెళ్లి, అలవాటు కొద్దీ కాయలు తిరగబోసి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుంది. రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది. అప్పటి నుంచి మేం కల్లానికి వెళ్లేటప్పుడు ఆమె గదికి బయట గొళ్లెం పెట్టడం నా పనయింది. పంతొమ్మిది రోజులు పెట్టాను.

రోజూ లోపలి నుంచి ఒకటే మాట వినిపించేది. "ఆ గొళ్లెమేదో లోపల బిగించండర్రా, నేనే వేసుకుంటా."

"మీ మంచికే అత్తయ్యా," అనేది మా అత్తగారు.

"పలుపు కట్టేటప్పుడు గేదెకీ అదే చెబుతావా?"

ఇరవయ్యో రోజు నేను తలుపు దగ్గరగా వేసి ఊరుకున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఆమె గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడికీ వెళ్లలేదా నాయనమ్మగారూ?"

"వెళ్తానని ఎవరన్నారే? నా గుమ్మంలో నేను కూర్చోవాలన్నాను, అంతే."

అది మా అత్తగారు చూసింది. మర్నాడు తనే గొళ్లెం పెట్టి, గంజికుండ ఎత్తుకుని ముందు నడిచింది.

ఆ రోజు లోపలి నుంచి ఎప్పటి మాట రాలేదు. "అమ్మాయ్, పెట్టింది నువ్వేనా?" అని అడిగింది.

కాదంటే అత్తగారి మీద చెప్పినట్టవుతుంది. నేను అత్తగారి వెనకే కల్లానికి వెళ్లిపోయాను.