సైరన్ కొట్టాక రమ్మన్నాను

“సిన్నాన్న నన్ను ఎత్తుకున్నాడు సిన్నమ్మా. మాయమ్మ సెప్పింది.”

“సచ్చిపోనోడి మీద అబద్దాలాడకే గుంటా. సైరన్ కొట్టాక రా.”

మా ఇద్దరి మధ్యా జరిగిన ఆఖరి మాటలివి. రొయ్యల షెడ్డు గేటు దగ్గర, ఇంకా వెలుగు రాకముందు. అది బయట, నేను లోపల. సిన్నాన్న అంటే మా ఆయన. ఆయన పోయి అప్పటికి పద్దెనిమిదేళ్ళు.

నాకు సంతకం వరకే వచ్చు. ఇది మా అప్ప మనవరాలు రాస్తోంది. అప్ప అంటే మా అక్క. నా మాటలను కాస్త దువ్వి జడవేసి రాస్తోంది. వేస్తే వేయనీ, విషయం మాత్రం మార్చొద్దన్నాను. పేర్లు వద్దన్నాను. ఎవరి గురించో ఆ పిల్లకు తెలుస్తుంది, చాలు.

మా ఆయన పోర్టులో కలాసీ. పచ్చకామెర్లతో పోయాడు. బిడ్డలు లేరు. ఎలమంచిలి పక్కన మా పుట్టింట్లో రెండేళ్ళు ఉన్నాను. ఆ రెండేళ్ళూ వదిన నా ముఖం చూడకుండా ఉండటానికి పొద్దున్నే ఎంత తంటాలు పడేదో చూసి, నా అంతట నేనే సముద్రం ఒడ్డున మా పాకకు తిరిగి వచ్చేశాను. అప్పటినుంచీ నాకు ఏ లెక్కకైనా ఆయన పోయిన రోజే మొదలు. గాలివాన ఎప్పుడొచ్చింది అంటే ఆయన పోయిన నాలుగో ఏడు. అప్ప కూతురి పెళ్ళి ఎప్పుడంటే ఏడో ఏడు. వేరే క్యాలెండరు లేదు నాకు.

గాజువాక దాటాక స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు లేపుతున్న రోజుల్లో నేను రొయ్యల షెడ్డులో మేస్త్రీని. పెద్ద ఉద్యోగమేం కాదు. బోట్లు వస్తే పేటలోకి వెళ్ళి ఆడపిల్లలను పిలుచుకు రావడం, ఎవరిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో చూడటం. రొయ్య తల తీసి, పొట్టు ఒలిచి, ఐసులో వేయాలి. అంతే పని. ఆ ఐసే మనిషిని తినేస్తుంది. నా కుడిచేతి రెండు వేళ్ళకు ఇప్పటికీ వేడి తెలియదు. పొయ్యి మీద గిన్నె ఉత్త చేత్తో దించేస్తాను, తరవాత బొబ్బ చూసి తెలుసుకుంటాను.

ఒకరోజు లేబరాఫీసరు వచ్చాడు. పధ్నాలుగు నిండని పిల్లలు షెడ్డులో కనపడకూడదన్నాడు. పధ్నాలుగు నుంచి పద్దెనిమిది లోపు వాళ్ళు పొద్దున ఆరుకు ముందు రాకూడదు, సాయంత్రం ఏడు తరవాత ఉండకూడదు, రోజుకు ఏడు గంటలకు మించి చేయకూడదు, వారానికి ఒకరోజు సెలవు. ఆ కాగితం గోడకు అంటించి వెళ్ళాడు. షెడ్డు యజమాని నా వైపు చూసి, “మేస్త్రమ్మా, ఇక నీదే భారం” అన్నాడు.

చదవడం రాదు, గడియారం చూడటం రాదు. ఏం చేయాలి? పాత చీరలు రెండు చింపాను. పద్దెనిమిది నిండిన వాళ్ళ చేతికి నీలం పేలిక, నిండని వాళ్ళకు ఎర్ర పేలిక. ఎర్రపేలిక వాళ్ళు పోర్టు ఆరుగంటల సైరన్ కొట్టాకే గేటు లోపలికి రావాలి. వాళ్ళను రెండు జట్లు చేశాను. ఒక జట్టు సైరన్ నుంచి మధ్యాహ్నం అన్నం వేళ దాకా, రెండోది అక్కడనుంచి షెడ్డులో దీపాలు వేసేదాకా. దీపం స్విచ్చి మీద చెయ్యి పడేసరికి ఒక్క ఎర్రపేలిక కూడా లోపల ఉండకూడదు. ఎండాకాలమైనా చలికాలమైనా ఈ లెక్క తప్పలేదు. ఆఫీసరు మళ్ళీ వచ్చి చూసి, “ఎవరు పెట్టారమ్మా ఈ పద్ధతి?” అని అడిగి తల ఊపాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

ఆ గోడ కాగితం నాకు చదివి వినిపించింది ఆ పిల్లే. మా పక్కింటి వాళ్ళ కూతురు. తల్లి పోయింది, తండ్రి భీమిలి వైపు ఇంకొకామెను చేసుకుని అక్కడే ఉండిపోయాడు. నా దగ్గరకు వచ్చి నాలుగేళ్ళయింది. ఎక్కడ నేర్చిందో, అక్షరాలు కూడబలుక్కుని చదివేది.

“ఓలమ్మ, సిన్నమ్మా, ఇదేటి రాసినాడో సూడు. మజ్జన మజ్జన ఇస్రాంతి ఇవ్వాలంట!”

“ఇస్రాంతి అంటే ఏటే?”

“నువ్వు మామీద అరవకుండా ఉండటం.”

షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను.

వయసు కాగితాలు ఎవరికున్నాయి? సర్కారు డాక్టరు దగ్గరకు పిల్లలందరినీ తీసుకెళ్ళాను. ఆయన పళ్ళు చూసేవాడు, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళను అడిగేవాడు, రాసేవాడు. దీని వంతు వచ్చింది. నోరు తెరిపించి, “వెనక పన్ను రాలేదు, కానీ దాన్నిబట్టి చెప్పలేం. ఎప్పుడు పుట్టిందమ్మా?” అన్నాడు.

నేను తడుముకోలేదు. “మా ఆయన పోయి పద్దెనిమిదేళ్ళు బాబూ. ఆయన పోనాక రెండేళ్ళకు పుట్టింది ఇది. నాను పుట్టింటి నుంచొచ్చిన రోజే దాని తల్లికి నొప్పులు. గుమ్మం బయట నిలబడ్డాను నాను” అన్నాను.

డాక్టరు వేళ్ళమీద లెక్క వేసి పదహారు అని రాశాడు. నేనే దాని చేతికి ఎర్రపేలిక కట్టాను.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎర్రపేలిక వల్ల నాకు సుఖంగా ఉండేది. చీకట్లో నేను బయలుదేరేటప్పుడు అది చాప మీద పడుకుని ఉండేది. పడుకుని ఉన్న మనిషిని ఇంట్లో వదిలి తలుపు దగ్గరగా వేసి వెళ్ళడం ఎంత బాగుంటుందో ఒంటరిగా బతికిన వాళ్ళకే తెలుసు. సైరన్ కొట్టాక నాకు చద్దన్నం టిఫిను గిన్నెలో పట్టుకుని వచ్చేది. మధ్యాహ్నమే ఇంటికి పోయేది కాబట్టి, సాయంత్రం నేను సందు తిరిగేసరికి మా పాక మీద పొగ కనపడేది. మా ఆయన పోయాక నాకంటే ముందు నా ఇంట్లో పొయ్యి వెలగడం అదే మొదలు.

ఆ ఏడాది గ్రేడింగు బల్ల దగ్గర ఒక చోటు ఖాళీ అయింది. రొయ్యను చేతిలోకి తీసుకోగానే ఏ సైజో చెప్పి వేరు చేసే పని. ఐసులో చేతులు పెట్టక్కర్లేదు, నిలబడి చేసే గౌరవమైన పని. ఈ పిల్లకు ఆ వేళ్ళు పుట్టుకతోనే ఉన్నాయి. కళ్ళు మూసుకుని చెప్పేది. కానీ బోట్లు చీకటితోనే వస్తాయి, గ్రేడింగు అప్పుడే మొదలవుతుంది. పద్దెనిమిది నిండాలి. యజమాని, “నిండితే దాన్నే పెట్టు” అన్నాడు.

“సిన్నమ్మా, నాకు నిండిపోనాయి. డాక్టరు కాడికి ఎల్లి ఒక్క మాట సెప్పు.”

“ఏటి సెప్పమంటావ్? అబద్దమా?”

“నిజమే. మాయమ్మ లెక్క ఉంది.”

“మీయమ్మకు పదేళ్ళ కంటే ఎక్కువ లెక్కెట్టడం వచ్చా?”

“నీకు మాత్రం వచ్చా?” అంది. అని నాలుక కరుచుకుంది.

వారం తిరక్కుండానే ఆ రోజు వచ్చింది. పెద్దవాళ్ళతో కలిసి చీకట్లోనే గేటు లోపలికి వచ్చేసింది. చేతికి నీలం పేలిక. గ్రేడింగు బల్ల దగ్గర నిలబడింది. అందరూ నన్నే చూస్తున్నారు. దీన్ని వదిలేస్తే రేపు పదిమంది ఎర్రపేలికల తల్లులు నా ఇంటి ముందుంటారు. చెయ్యి పట్టుకుని గేటు బయటకు తీసుకొచ్చాను, అందరి ముందూ పేలిక విప్పేశాను. ముడి గట్టిగా వేసుకుంది. పళ్ళతో విప్పాల్సి వచ్చింది. నేను లోపలికి వచ్చి గేటు వేస్తుంటే అంది, సిన్నాన్న ఎత్తుకున్నాడని. పుట్టకముందే పోయిన మనిషిని తన అవసరానికి వాడుకుంటోందని నా ఒళ్ళు మండిపోయింది. నేను అన్నది మొదట్లోనే చెప్పాను.

సైరన్ కొట్టింది. గేటు తీశాను. మొదటి జట్టు ఎర్రపేలికలందరూ వచ్చారు, అది రాలేదు. సాయంత్రం సందు తిరిగాను. పొగ లేదు. రేకుపెట్టె లేదు. టిఫిను కడిగి బోర్లించి ఉంది. కాకినాడ షెడ్డు వాళ్ళ వ్యాను ఎక్కిందని పేటలో చెప్పారు.

తిరిగి వస్తుందనుకున్నాను. ఎసట్లో ఇద్దరి బియ్యం పోసి, గుర్తొచ్చి సగం తీసేసేదాన్ని.

ఆరు నెలలు పోయాక పేటలో ఒక పురుడు. బిడ్డను ఉయ్యాల్లో వేస్తున్నారు. నేను ఎప్పటిలాగే గుమ్మం బయట నిలబడ్డాను. మొగుడు పోయిన వాళ్ళం ఉయ్యాల ముట్టుకోం, మా దగ్గర అంతే. ముసలి మంత్రసాని నా పక్కన చతికిలబడి, “నీ గుంట కబురేమైనా తెలిసిందేటి?” అంది. తెలియలేదన్నాను.

“నీ సేత్తోనే ఉయ్యాల్లో ఏసినావ్ దాన్ని. గాజులు గలగలమంటే కెవ్వుమంది. నీ మొగుడు నవ్వుతా వచ్చి ఎత్తుకున్నాడు. మరిసిపోనావేటి?”

“అది కాదు మామ్మా, దాని పురుడికి నాను బయటే...”

“అది రెండోదాని పురుడే పిచ్చిదానా. నెల తిరక్కుండా పోయింది కదా. అప్పుడు ఈ పెద్దది అమ్మమ్మింట్లో ఉంది, మూడేళ్ళు పోనాకే తిరిగొచ్చింది.”

మామ్మ అంటుంటే ఒక్కొక్కటీ కనపడ్డాయి. నా చేతులకు గాజులు. పసుపు చీర. ఏడుస్తున్న పసిదాన్ని మా ఆయన రెండు చేతుల్లో పట్టుకుని, పడిపోతుందేమోనని కదలకుండా నిలబడ్డాడు. అన్నీ ఉన్నాయి నాలో. ఆయన పోయినదానికి ముందు లెక్క నేను పెట్టుకోలేదు కాబట్టి వాటికి చోటు లేకుండా పోయింది. పోయిన బిడ్డ పుట్టుకను తెచ్చి బతికున్న బిడ్డకు అంటగట్టాను. ఉయ్యాల్లో వేశానంటే అప్పుడు మా ఆయన ఉన్నట్టే. ఉన్నాడంటే దానికి పద్దెనిమిది నిండినట్టే.

కాకినాడ బస్సెక్కాను. షెడ్డు దగ్గర వాచ్‌మేను, ఆ జట్టు పడమటి సముద్రం వైపు వెళ్ళిపోయి రెండు నెలలైందన్నాడు.

“వస్తే సెప్పు నాయనా, దానికి పద్దెనిమిది నిండాయని సిన్నమ్మ ఒప్పుకుందని.”

“వచ్చేసరికి ముప్పై నిండుతాయి” అని నవ్వాడు. మంచివాడే. మంచినీళ్ళిచ్చాడు.

పేలికల పద్ధతి నేను మానలేదు. వేళ్ళు గడ్డకట్టి ఏడ్చే పసిపిల్లను చీకట్లో ఐసు ముందు కూర్చోబెట్టకూడదు. ఆ కాగితంలో తప్పు లేదు. తప్పు లెక్కలోనే. దానికి కొంచెం నా పొయ్యి పొగ కూడా తోడైందేమో, ఆ సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ పిల్లకు చదవడం వచ్చు. ఎక్కడున్నా అచ్చులో కనిపిస్తే కూడబలుక్కుంటుంది. అందుకే ఇదంతా.

ఏమే, రాసేశావా? ఉయ్యాల్లో వేసిన కాడినుంచి ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు. ఆయన ఎత్తుకున్నాడని ఉందో లేదో వినాలి.