కట్టు విప్పేదాకా పట్టుకున్న చెయ్యి

నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాను. మా వార్డులో ఎవరైనా ఆ ఊసెత్తితే, పదండి, దానికీ ఒక మంచం ఇచ్చి బీపీ చూద్దాం అని ఏడిపించేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం కథ అనుకుని చెప్పడం లేదు.

నూజివీడులో నేను నర్సుగా పనిచేసే కంటి ఆసుపత్రికి మామిడి కోతల రోజుల్లో నాంచారమ్మ అనే ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చాట్రాయి దగ్గర తోటలో కూలి పని. కాయల తొడిమలు విరుస్తుంటే సొన చిమ్మి రెండు కళ్ళలోనూ పడింది. రెప్పలు వాచి మూసుకుపోయాయి. పైన కట్టు కట్టారు. మాటిమాటికీ కట్టు తీసి మందు చుక్కలు వెయ్యాలి.

మనిషి ముట్టుకోనిచ్చేది కాదు. చెయ్యి వేస్తే తోసేసేది. చూపు లేనప్పుడు మీద పడే ప్రతి చెయ్యీ భయమే మరి. అందుకని గుమ్మంలోంచే పలకరించేదాన్ని. "నేనేనమ్మా, సిస్టర్ని. ఇప్పుడు కట్టు తీస్తున్నా. ఇప్పుడు చుక్క వేస్తున్నా, కాస్త మండుతుంది" అని ప్రతి పనీ ముందే చెప్పేదాన్ని. మండదని ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. రెండు మూడు రోజులకి కదలకుండా పడుకోవడం మొదలుపెట్టింది. నన్ను నమ్మిందని నాకెంత గర్వమో! ఆ మాటే ఆవిడతో అన్నాను.

ఆవిడ నవ్వింది. "మీరు మంచోరే సిస్టర్ గారండీ. కానీ మీ పాప నా చెయ్యి పట్టుకుంటుందిగా, అందుకే కదలట్లేదు. ఇస్కూలుకి సెలవులనా ఏంటి, రోజూ తీసుకొస్తున్నారు?"

నాకు పాప లేదు. ఉండేది. నాలుగేళ్ళప్పుడు పోయింది. నేను ఈ ఆసుపత్రిలో చేరకముందు సంగతి. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

చుక్కల సీసాకి మూత పెట్టి బయటికొచ్చేశాను. ఆవిడ ఎవరో పాప అంటోందని చెబితే, కళ్ళకి కట్టు ఉన్నవాళ్ళకి మనసు ఏవేవో కల్పిస్తుందని డాక్టరు గారు అన్నారు. నిజమే అయ్యుంటుంది. అయినా మర్నాటి నుంచి చుక్కలు వేస్తూ, "పాప ఉందా?" అని నేనే అడగడం మొదలుపెట్టాను. "ఇదిగో, ఇక్కడే ఉందిగా" అనేది. మంచం అవతల చూస్తే దుప్పటి మీద సగం ముడిచిన ఆవిడ పిడికిలి, అంతే. ఒకసారి నేనూ అక్కడికి చెయ్యి చాపాను. ఏమీ తగల్లేదు. ఆ రోజు బాత్రూంలో తలుపేసుకుని ఎంత ఏడ్చానో.

వాపు తగ్గింది, రేపు కట్టు తీసేద్దాం అన్నారు డాక్టరు గారు. ఇంకొక్క రోజు ఉంటే బాగుండు అనిపించింది. నర్సు అనుకోవలసిన మాట కాదది.

కట్టు నేనే విప్పాను. నాంచారమ్మ మెల్లగా కళ్ళు తెరిచి నన్ను చూసింది. తర్వాత మంచం అవతలికి చూసింది.

"పాపేదండీ?"

ఆవిడతో అబద్ధం చెప్పే అలవాటు లేదు. "పాప లేదమ్మా. పోయి చాలా ఏళ్ళయింది" అన్నాను.

తన అరచేతిని చూసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "పాప ఒళ్ళు చల్లగానే ఉంది తల్లీ. జొరం లేదు" అంది.

నా పాప జ్వరంతోనే పోయింది. నేను తడిగుడ్డ వేస్తూనే ఉన్నాను, ఒళ్ళు కాలిపోతూనే ఉంది. ఆ సంగతి నాంచారమ్మకి ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఆవిడని అడగనూ లేదు. జ్వరం తగ్గిందన్న మాట కోసం ఆ రాత్రంతా ఎదురుచూశాను. ఇన్నేళ్ళకి విన్నాను.