ఓపీ వరండాలో వీడ్కోలు సభ

గులాబీ దండల వాసన, ఫినాయిల్ వాసన కలిసి ముక్కుకు తగిలాయంటే మా ఆసుపత్రిలో సూపరింటెండెంటు మారుతున్నారని అర్థం. ఈ ఉదయం డ్యూటీకి రాగానే ఆ వాసనే వచ్చింది. హుసేనమ్మక్క గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అనంతపురానికి దూరంగా, వేరుశెనగ చేల నడుమనున్న తాలూకా ఆసుపత్రి మాది. నేను నర్సుగా చేరినప్పుడు అక్క హెడ్ నర్సు. ఆమెకు కోపం వస్తే డాక్టర్లు కూడా పక్క గదిలోకి తప్పుకునేవారు. నొప్పులు పడే అమ్మాయి దగ్గర మాత్రం వెన్నపూసే. ఆ రోజుల్లో మాకు ఉగాదికొక సూపరింటెండెంటు, దసరాకొక సూపరింటెండెంటు. ప్రతి వీడ్కోలుకూ ఎమ్మెల్యేగారు వచ్చి, మేడమీది హాల్లో శాలువా కప్పి, "బదిలీలు సహజం" అని కాఫీ తాగి వెళ్ళేవారు. ఎందుకు పంపుతున్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అలాంటి చోటికి ఒక డాక్టరమ్మ సూపరింటెండెంటుగా వచ్చి, ఆగిపోయిన కాన్పు ఆపరేషన్లు మళ్ళీ మొదలుపెట్టారు. ఒకనాడు ఎమ్మెల్యే మనిషొకడు వరుస దాటి లోపలికి దూరితే వెనక్కి పంపారు. వారం తిరక్కుండా బదిలీ ఆర్డరు వచ్చింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. అంటే ఆపరేషన్ గదికి మళ్ళీ తాళమే. నెలలు నిండినవాళ్ళు ఏమైపోతారోనని నాకు అన్నం సహించలేదు.

"సభ ఈసారి కింద వరండాలో పెడ్తాం, మంగళవారం" అంది అక్క.

"మంగళవారం గర్భిణుల ఓపీ కదక్కా! ఇసుకేస్తే రాలదు."

"అందుకే పాపా!"

ఆ మంగళవారం బెంచీల నిండా నిండు కడుపులు. ఎమ్మెల్యేగారు శాలువా కప్పి, అలవాటు ప్రకారం నాలుగు మాటలు చెప్పి కూర్చోబోయారు. అక్క మైకు మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"మా డాక్టరమ్మను ఎవరు పంపిస్తాండారో వీళ్ళకు చెప్పన్నా."

"అది పైనుంచి వచ్చిన ఆర్డరమ్మా."

"పైనుంచి వచ్చేది వాన ఒకటే. అది గూడా మన సీమకు రాదు. పేరు చెప్పు."

వరండా అంతా ఒకటే నవ్వు. ఆయనా నవ్వారు. ఇంతలో ముందు బెంచీలోని అమ్మాయి లేచింది. "మొదటి కాన్పు ఆపరేషనే అన్నా నాకు. ఈసారి నొప్పులొస్తే అనంతపురం దాకా ఆటోలో పోవల్లనా?" ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. ఎమ్మెల్యేగారు శాలువా వైపు చూసి, "పంపమని నేనే చెప్పినాలేమ్మా" అన్నారు. "ఇంకో డాక్టరు వచ్చేదాకా ఈమెను కదిలించరు. అది గూడా నేనే చెప్తా." అక్కడే నిలబడి ఫోన్ చేశారు.

డాక్టరమ్మ ఆగారు. ముందు బెంచీ అమ్మాయికి మా దగ్గరే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆ తర్వాతే ఇంకో డాక్టరు వచ్చారు, ఆమె వెళ్ళారు. వెనకే అక్కకూ బదిలీ వచ్చింది, జిల్లా ఆ చివరకు. నాకు ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం పెళ్ళికి బయల్దేరినట్టు కొత్త చీర కట్టుకొచ్చింది. సభ వరండాలోనే. మైకు నాకిచ్చి, "అడుగు పాపా" అంది. ఎమ్మెల్యేగారి వైపు తిరిగి, "మా అక్కను ఎవరు పంపించినారన్నా?" అని అడిగాను. "నేనేలే తల్లీ, మీ అక్క నన్ను బతకనిస్తుందా!" అన్నారాయన. అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే.

అప్పట్నుంచి మా దగ్గర ఎవరిని పంపినా పంపినవాళ్ళు వరండాలోకి వచ్చి, రోగుల ముందు ఆ మాట చెప్పాల్సిందే. అక్క రిటైరై ధర్మవరంలో ఉంటోంది. మా ఆసుపత్రిలో బదిలీ అని తెలిస్తే చాలు, సాయంత్రానికి ఫోన్ చేస్తుంది. క్షేమసమాచారాలు తర్వాత.

"అడిగినావా?"

ఆ ఒక్క మాటకు ఇంతవరకూ "లేదక్కా" అని చెప్పలేదు.