ఆదివారం సెలవు ప్రకటించిన బాతు

ఆ రోజుల్లో నా మాట వినేవాళ్లు లోకంలో ఎవరూ లేరు. మా ఆయన ఉన్నప్పుడు ఆయన వినలేదు, ఆయన పోయాక మా అత్తగారు వినలేదు, నన్ను మస్కట్ పంపించిన ఏజెంటయితే అసలు నా మొహం వైపే చూడలేదు. ఐదో క్లాసుతో బడి మానేసినదాన్ని. గొంతేమో చిన్నప్పటినుంచీ బొంగురు (చర్చిలో పాడదామని నోరు తెరిస్తే పాస్టరమ్మగారు "నువ్వు మనసులో పాడుకోమ్మా, దేవుడికి వినపడుతుంది" అనేవారు). అలాంటి నేను వయసులో ఉన్నప్పుడు ఒమాన్‌లో కాలేజీకెళ్లి కంప్యూటరు ప్రోగ్రాము రాశానంటే ఎవరు నమ్ముతారు? ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది మా అమ్మాయి, ఇక్కడే మస్కట్‌లో ఆసుపత్రి నర్సు. ("రాశానంటావేంటమ్మా, ముక్కలు అతికించానని చెప్పు" అంటోంది. సరే, అతికించాను. నువ్వు మాత్రం రాయి.)

మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో కొండల కింద ఉండేది ఆ కాలేజీ. పగలు కుర్రకారు చదువులు, సాయంత్రం అయితే చుట్టుపక్కల వాళ్లెవరైనా వచ్చి కూర్చోగలిగే కంప్యూటరు క్లాసు. నేను క్లీనింగ్ కంపెనీ తరఫున అక్కడ నేల తుడిచేదాన్ని. నాది సాయంత్రం డ్యూటీ. వరండా అంతా చకచకా తుడుచుకుంటూ వచ్చి, ఆ గది తలుపు దగ్గరికి రాగానే నా చేతులు నెమ్మదించేవి. అద్దంలోంచి చూస్తే లోపల నల్ల అబాయా గౌన్లు వేసుకున్న స్థానిక ఆడపిల్లలు, రిటైరయిన ఒక పెద్దాయన, అందరూ తెరల వైపు చూసి నవ్వుతుండేవారు. ఏముందబ్బా అందులో అంత నవ్వడానికి అని నా ప్రాణం అక్కడే కొట్టుకునేది. ఒకరోజు పాఠం చెప్పే మేడమ్ తలుపు తీసింది. ఆవిడ ఇక్కడావిడే, కానీ హిందీ మనకంటే బాగా మాట్లాడుతుంది. "అదే చోట ఇంకా తుడిస్తే గచ్చు అరిగిపోతుంది. లోపలికొచ్చి కూర్చో" అంది. చీపురూ బకెట్టూ తలుపు పక్కన పెట్టి, తడి చేతులు చున్నీకి తుడుచుకుని వెళ్లి కూర్చున్నాను.

తెర మీద ఒక పసుపుపచ్చ బాతు నిలబడి ఉంది. పక్కన రంగురంగుల ముక్కలు. ఒక్కో ముక్క ఒక్కో పని. వాటిని ఒకదాని కింద ఒకటి అతికిస్తే బాతు ఆ వరసలో ఆ పనులు చేస్తుంది, అదే ప్రోగ్రాము అని మేడమ్ చెప్పింది. నీలం ముక్క ఒకటి పెట్టించి, మీట నొక్కమంది. నొక్కాను. బాతు నడిచింది! నేను నడవమన్నానని నడిచింది! మళ్లీ నొక్కాను, మళ్లీ నడిచింది. ఎందుకు, ఏమిటి, ఇప్పుడే కావాలా అని ఒక్క ప్రశ్న లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయి "నడిచిందండీ!" అని తెలుగులో కేకేశాను. పెద్దాయన ఉలిక్కిపడి "మాషా అల్లా" అన్నాడు.

ఆ కేక ఫోర్‌మేన్ అన్న చెవిన పడింది. మా క్లీనింగ్ వాళ్లందరి మీదా ఆయనే పెత్తనం. జగిత్యాల వైపు మనిషి, నవ్వగా ఎవరూ చూసిన పాపాన పోలేదు. తలుపు దగ్గర నా చీపురు చూసి, లోపల నన్ను చూసి బయటికి పిలిచాడు.

"ఏందక్కా, చీపురు వట్టుకోమంటే మౌసు వట్టుకున్నవ్?"

"అది కాదన్నయ్యా, నేనేం చెప్తే అది ఇంటందండి!"

"నేను చెప్తె నువ్వు ఇంటలెవ్వు, నువ్వు చెప్తె అది ఇంటదా?"

మేడమ్ అడ్డం వచ్చి ఏదో సర్ది చెప్పింది. ఆయన చాలాసేపు మెడ గోక్కున్నాడు. "సరే, ఈ కోర్సు అయ్యేదాక పొద్దటి డ్యూటీ జెయ్యి. ఆఖర్ల మేడమ్ పాసంటే గా డ్యూటీ నీదే, ముంగటి కోర్సు గూడ సదువుకో. ఫెయిలయితె మాత్రం సాయంత్రం డ్యూటీకే రావాలె, గీ క్లాసు మాట మళ్ల ఎత్తద్దు. నేనే అచ్చి సూస్త" అన్నాడు. నాకు ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు, సంతోషంతో కొంత, భయంతో కొంత.

ముక్కల మీద ఇంగ్లీషు నాకు రాదు కదా, రంగులకి పేర్లు పెట్టుకున్నాను. పసుపు ముక్క, వంకాయ ముక్క, చింతపండు ముక్క, ఆవకాయ ముక్క. మేడమ్ ఏదైనా పెట్టమంటే నేను గొణుక్కునేది వంటలా ఉండేది. (పక్క కుర్చీ అమ్మాయి నా దగ్గర నేర్చుకుని "వంకాయ, వంకాయ" అంటూ మౌసు తిప్పేది.) ఆఖరికి మేడమ్ "మీ ఇంట్లో పనికొచ్చేది ఒకటి తయారుచేయండి, ఆదివారం అందరి ముందూ చూపించాలి" అంది. నాకు ఆలోచించే పనే లేకపోయింది. రూమ్‌లో నాతోపాటు మేం పెద్దక్క అని పిలిచే ఒకావిడ ఉండేది, భీమవరం వైపు నర్సు. మా ఇద్దరికీ రోజూ వంట దగ్గరే తగువు.

"నిన్న నేనేగా వండాను?" అనేదాన్ని.

"నిన్న నువ్వు వండింది వంటేంటే? చారు కాచి పడుకున్నావు."

కాబట్టి ఇవాళ వంట ఎవరి వంతో బాతు చెప్పాలి. బాతుకి తగువులుండవు. నాకు ఆ కీబోర్డు మీద రాయడం రాదంటే, మాట పట్టుకునే ముక్క ఒకటి ఉందని మేడమ్ చూపించి మైకు చేతికిచ్చింది. వారాలకి అంకెలు పెట్టుకోమంది, ఒకటంటే ఆదివారం, రెండంటే సోమవారం, అలాగ. ఇవాళ ఏ వారమో కంప్యూటరుకే తెలుస్తుందట, మీట నొక్కితే ఆ అంకె కింద ఉన్న మాటే బాతు పలుకుతుంది. నేను రెండు కింద "పెద్దక్కా, లే! ఇవాళ వంట నీదే. పప్పు మాడ్చకు!" అని నా గొంతుతోనే పెట్టాను. మూడు కింద నా వంతు. ఇలా పెట్టుకుంటూ పోయి, వారానికొక సెలవు కూడా ఉండాలి కదా అని ఆ మాట ఇంకా హుషారుగా పెట్టాను. ఆ హుషారుకి కారణముంది. ఒమాన్‌లో మాకు సెలవు శుక్రవారం, మన తెలుగువాళ్ల ప్రార్థన కూడా ఆ రోజే. సరిగ్గా తలస్నానం చేసి చీర కట్టుకునే వేళకి ఫోర్‌మేన్ అన్న ఫోన్ చేసి "ఒక్క గంట పనుందక్కా" అనేవాడు. ఆ కసంతా మైకులో పోశాను. ఆదివారాలు, శుక్రవారాలు క్లాసు ఉండేది కాదు, ఉన్న రోజుల్లో నొక్కి చూసుకున్నాను, ఏ రోజు మాట ఆ రోజు చక్కగా పలికింది.

ఆదివారం రానే వచ్చింది. ఒమాన్‌లో ఆదివారమంటే పనులు మొదలయ్యే రోజు, మనకి సోమవారం ఎలాగో అలాగ. ఫోర్‌మేన్ అన్న చెప్పినట్టే వచ్చి గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నా వంతు వచ్చింది. మీట నొక్కాను. బాతు రెక్కలు కొట్టుకుంటూ తెర మధ్యకి వచ్చి, నా బొంగురు గొంతుతో, గది అద్దాలు అదిరేలా అరిచింది.

"ఇవాళ సెలవు! చీపుర్లు మూల పడేయండి! ఫోర్‌మేన్ అన్న ఫోన్ చేస్తే ఎత్తకండి! ప్రార్థనకి పోయొచ్చి కోడికూర తినండి!"

గదంతా గొల్లున నవ్వింది. మాట అర్థమై కాదు, ఆ గొంతుకి. అర్థమైనవాడు ఒక్కడే, గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. పుట్టినప్పటినుంచీ ప్రార్థనంటే ఆదివారం కదా, చెయ్యి దానంతటదే ఆ మాట తీసుకెళ్లి ఒకటి కింద పెట్టేసింది! ఇక్కడ శుక్రవారం ప్రార్థనకి వెళ్లడం కాళ్లకి అలవాటయింది కానీ చేతికి అలవాటు కాలేదు.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ ఆయన వైపు తిరిగి "ఏమంది?" అని అడిగింది. ఆయన నన్ను చూశాడు, బాతుని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. అప్పుడు హిందీలో మెల్లగా, "ఇవాళ సెలవంటోంది మేడమ్. ప్రార్థన చేసుకుని కోడికూర తినమంటోంది" అన్నాడు. అంతే. తన ఫోన్ గురించిన మాట మింగేశాడు.

"ఆదివారం సెలవేమిటి?" అంది మేడమ్. వచ్చీరాని హిందీలో మా ఊరి ఆదివారం గురించి చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "బాతు తప్పు చేయలేదు, నువ్వు చెప్పిందే చేసింది. ఇప్పుడు నువ్వే సరిచెయ్యి. సరిచేస్తే పాసు."

అందరూ నా వెనక చేరారు. ఒకటి కిందున్న సెలవు లాగాను, ఆరు కిందున్న పెద్దక్క వంట లాగాను, అది ఇక్కడా ఇది అక్కడా అతికించాను. "వంకాయ, వంకాయ!" అని పక్కమ్మాయి అందిస్తూనే ఉంది. ఇక మీట నొక్కబోతుంటే వెనకనుంచి తెలుగు వినపడింది.

"అక్కా, గా ఫోను ముచ్చట గూడ సక్కగ జెయ్యి."

మైకు తీసుకున్నాను. ఏమనాలి? అందరూ చూస్తున్నారు. "ఫోర్‌మేన్ అన్నయ్యగారు ఫోన్ చేస్తే ఎత్తండి" అన్నాను. నా నోరు ఊరుకుంటే కదా, "ఎత్తి, తీరిక లేదని మర్యాదగా చెప్పండి" అని కూడా అనేశాను.

ఫోర్‌మేన్ అన్న నవ్వాడు. పళ్లన్నీ కనపడేలా, గోడ పట్టుకుని నవ్వాడు. మీట నొక్కితే పెద్దక్క వంతు బుద్ధిగా పలికింది. మేడమ్ నా భుజం తట్టి "పాస్" అంది. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "పొద్దటి డ్యూటీ నీదే పో. గని శుక్రారం కోడికూరకు నేనొస్త" అన్నాడు. నిజంగానే వచ్చాడు. పెద్దక్క వడ్డించింది.

ఆ తరవాతి కోర్సు కూడా చదివాను. దాని తరవాతిదానికి కాలేజీ కాంట్రాక్టు మారి నన్ను అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసుకి పంపేశారు, ఆ క్లాసులు అక్కడితో సరి. ఇప్పుడు ఫోన్ రీఛార్జికి కూడా మా అమ్మాయిని పిలుస్తాను. తప్పు మీట నొక్కితే ఏమవుతుందోనని భయం. అది విసుక్కున్నప్పుడల్లా ఆ సాయంత్రం పాసయ్యి, బస్సు కోసం కూడా ఆగకుండా అమెరాత్ రోడ్డెంట నడుచుకుంటూ, ఎదురొచ్చిన మేకలక్కూడా తెలుగులో ఆర్డర్లు వేసుకుంటూ పోయిన ఆ బొంగురు గొంతు పిల్ల గుర్తొస్తుంది. ఎంత ధీమా దానికి! మేకలు తప్పుకోలేదనుకోండి. అయినా అది ఆగలేదు, వాటిని చుట్టుకుని, నవ్వుకుంటూ పోయింది.