ప్రాసెస్ అంటే ఏ ఊరు?

వేసవి వచ్చిందంటే మా నూజివీడు బ్యాంకులో ఏసీ గాలికి కూడా మామిడి వాసనే. నిన్న రెడ్డిగూడెం నుంచి వచ్చిన నాగమ్మ చిన్న రసాల సంచీ ఒళ్ళో పెట్టుకుని నా కౌంటరు ముందు కూర్చుంది. తోటల్లో కూలికెళ్తుంది. కువైట్‌లో పనిచేస్తున్న కూతురు పంపిన డబ్బు రాలేదట. "ఎక్కడుందమ్మా నా డబ్బు?" అంది. "ప్రాసెస్‌లో..." అనబోయి నాలుక కరుచుకున్నాను. వసుంధర మేడమ్ గుర్తొచ్చారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో విదేశీ లావాదేవీలు చూసే ఆఫీసరు ఆవిడ. పక్క సీటు నాది. డాలరు నోటు నిజంగా సముద్రం దాటుతుందా, దుబాయ్‌లో సెలవైతే డబ్బుకీ సెలవేనా... టీ తాగుతూ ఇవే కబుర్లు. ఈవిడకింకేం పనిలేదా అనుకునేదాన్ని.

ఒక సోమవారం పొద్దున్నే మామిడి వ్యాపారి సుబ్బారావు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. మొదటిసారి మస్కట్‌కి బంగినపల్లి పంపారు. విమానంలో సరుకు చేరింది. గురువారం సాయంత్రమే డబ్బు పంపానని అక్కడి వ్యాపారి రసీదు ఫొటో పెట్టాడు. డబ్బు మాత్రం రాలేదు. రెండో లోడు కోసి షెడ్డులో ఉంది. సాయంత్రానికల్లా లారీ హైదరాబాదు విమానాశ్రయానికి బయల్దేరకపోతే కాయ మగ్గిపోతుంది. తీరా పంపాక అవతలివాడు మోసగాడని తేలితే రెండు లోడ్లూ గోవిందా.

"ప్రాసెస్‌లో ఉందండీ," అన్నాను.

మేడమ్ కళ్ళజోడు తీసి నావైపు చూశారు. "సునీతా, ప్రాసెస్ అంటే ఏ ఊరు?"

అంత కంగారులోనూ సుబ్బారావు గారు నవ్వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ రసీదులో నంబరు చూసి విజయవాడ ఆఫీసుకు ఫోన్ చేశారు. "మస్కట్ నుంచి కదిలిందండీ. న్యూయార్క్‌లో ఉంది."

"మధ్యలో అమెరికా ఎందుకండీ?"

"మీరు బేరం డాలర్లలో ఆడారు కదా. సరే, హైదరాబాదు మార్కెట్‌లో ఏజెంటు దగ్గర మీ ఖాళీ ట్రేలు ఉంటాయి. అక్కడే ఇంకో వ్యాపారికి ఓ యాభై ఇవ్వాలంటే ఏం చేస్తారు?"

"ఫోన్ చేసి ఇచ్చెయ్యమంటాను."

"ఇక్కణ్ణుంచి లారీలో పంపరుగా?"

"ఎందుకండీ, అక్కడున్నవేగా!"

"ఇదీ అంతే. వాళ్ళ బ్యాంకు డాలర్లూ మా బ్యాంకు డాలర్లూ న్యూయార్క్‌లో ఒకే బ్యాంకు దగ్గరున్నాయి. మస్కట్ నుంచి కబురు వెళ్తే అక్కడ వాళ్ళ ఖాతాలో తీసి మా ఖాతాలో వేస్తారు. అది చూసుకుని మేమిక్కడ మీకు రూపాయలిస్తాం."

"కబురుకి నాలుగు రోజులా?"

"శుక్ర, శనివారాలు మస్కట్‌లో సెలవు. ఆదివారం వాళ్ళు తలుపు తీస్తే న్యూయార్క్‌లో సెలవు. ఇవాళ సోమవారమే గానీ, అక్కడ ఇంకా తెల్లారలేదు."

"వస్తుందంటారా?"

"మాటివ్వలేనండీ. దార్లో ఎవరైనా ఆపి ప్రశ్నలడగొచ్చు. ఆయన పంపిన మాట మాత్రం నిజం. అంతవరకే నాకు తెలుసు."

సుబ్బారావు గారు గోడ గడియారం వైపు చూశారు. తర్వాత ఫోన్ తీసి, "లోడు ఎత్తెయ్యండ్రా," అన్నారు. మేడమ్ మొహం పాలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం డబ్బు పడింది, కొంచెం తగ్గి. "ఈ తగ్గింది ఏ ఊళ్ళో పోయిందండీ?" అన్నారాయన. "న్యూయార్క్ వాళ్ళ కూలి!" అని మేడమ్ పకపకా నవ్వారు.

రిటైరయ్యాక ఆవిడ ఎన్నాళ్ళో బతకలేదు. ఆ నవ్వు లేక బ్రాంచి బోసిగా ఉంటుంది నాకు.

నిన్న నేనూ విజయవాడ ఆఫీసుకు ఫోన్ చేసి నాగమ్మకి చెప్పాను. "కువైట్ దాటిందమ్మా. ముంబైలో ఒక బ్యాంకు దగ్గర ఆగింది. ఎందుకో కనుక్కుంటున్నాను. ఎప్పుడొస్తుందో నాకింకా తెలీదు."

"బొంబాయి దాకా వచ్చిందా!" నాగమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అయితే మా పిల్ల పంపిందన్నమాటే. అబద్ధమాడుతుందేమోనని మొన్నట్నుంచి ముద్ద దిగలేదమ్మా."

వెళ్తూ వెళ్తూ రెండు రసాలు నా టేబుల్ మీద పెట్టింది. మేడమ్ ఉంటే ఒకటి పక్క సీటుకి జరిపేదాన్ని.